పాల్ సబాటియే

పాల్ సబాటియే (నవంబరు 5, 1854 - ఆగష్టు 14, 1941) ఫ్రాన్సు దేశానికి చెందిన సుప్రసిద్ధ రసాయన శాస్త్రవేత్త. మెత్తని పొడి రూపంలో ఉన్న లోహాల సమక్షంలో కర్బన సమ్మేళనాలకు హైడ్రోజన్‌ను చేర్చే పద్ధతిని కనుగొన్నందుకు 1912లో రసాయన శాస్త్రంలో నోబెల్ బహుమతి అందుకున్నాడు. ఆ సంవత్సరపు బహుమతిని ఆయనతో పాటు విక్టర్ గ్రిన్యార్ పంచుకున్నాడు. ఆంగ్ల ఉచ్చారణను అనుసరించి ఆయన పేరును సబాటియర్ అని కూడా వ్రాస్తారు.

నూనెలను వనస్పతిగా మార్చడం, బొగ్గుపులుసు వాయువు నుండి మిథేన్ తయారుచేయడం, మిథనాల్‌ను ఫార్మాల్డిహైడ్, ఈథర్, ఎమీన్, థయాల్ వంటి పదార్థాలుగా మార్చడం మొదలైన అనేక పారిశ్రామిక ప్రక్రియలకు సబాటియే పరిశోధనలు పునాది వేశాయి. ఒకే ముడిపదార్థం ఏ ఉత్ప్రేరకాన్ని తాకితే ఆ ఉత్ప్రేరకాన్ని బట్టి వేర్వేరు పదార్థాలుగా మారుతుందని ఆయన వరుస ప్రయోగాలతో నిరూపించాడు. ఈ పరిశోధనలన్నీ పారిస్ నగరానికి దూరంగా, దక్షిణ ఫ్రాన్సులోని తులూజ్ విశ్వవిద్యాలయంలోనే జరిగాయి.

బాల్యం, విద్యాభ్యాసం

సబాటియే దక్షిణ ఫ్రాన్సులోని కార్కాసోన్ పట్టణంలో జన్మించాడు. ప్రాథమిక విద్య స్వస్థలంలోను, తరువాతి చదువు తులూజ్‌లోను సాగింది. 1874లో పారిస్‌లోని ఎకోల్ నార్మల్ సుపీరియర్‌లో ప్రవేశం పొందాడు. 1877లో భౌతిక శాస్త్ర అధ్యాపక అర్హత పరీక్షలో ప్రథముడుగా ఉత్తీర్ణుడయ్యాడు.

ఒక సంవత్సరం పాటు నీమ్ పట్టణంలో ఉపాధ్యాయుడుగా పనిచేసిన పిమ్మట, 1878లో కాలేజ్ ద ఫ్రాన్స్‌లో మార్సెలాన్ బెర్తెలో వద్ద సహాయకుడుగా చేరాడు. బెర్తెలో ఆ రోజుల్లో ఫ్రెంచి రసాయన శాస్త్రంలో ఎంతో పలుకుబడి గల వ్యక్తి. ఆయన వద్ద లోహ సల్ఫైడుల ఉష్ణ రసాయన ధర్మాలపై పరిశోధన చేసి సబాటియే 1880లో డాక్టరేటు పట్టా పొందాడు.

తులూజ్ విశ్వవిద్యాలయంలో

బోర్డోలో కొద్దికాలం భౌతిక శాస్త్రం బోధించిన తరువాత, సబాటియే 1882లో తులూజ్ చేరుకున్నాడు. 1884లో, ముప్పై సంవత్సరాల వయసులో, అక్కడ రసాయన శాస్త్ర ఆచార్యుడుగా నియమితుడయ్యాడు. 1930లో పదవీ విరమణ చేసే వరకు ఆ పదవిని విడువలేదు. 1905 నుండి 1929 వరకు సైన్సు విభాగానికి డీన్‌గా కూడా పనిచేసాడు.

అప్పటి ఫ్రాన్సులో పేరు ప్రతిష్ఠలు ఆశించే శాస్త్రవేత్తలందరూ పారిస్ చేరుకోవాలని కోరుకునేవారు. 1907లో హెన్రీ మొయిస్సాన్, బెర్తెలో ఇద్దరూ మరణించడంతో సోర్బాన్‌లోను, కాలేజ్ ద ఫ్రాన్స్‌లోను ఆచార్య పదవులు ఖాళీ అయ్యాయి. ఆ స్థానాలకు సబాటియేకు ఆహ్వానం అందినా ఆయన అంగీకరించలేదు. తులూజ్‌లోనే ఉండి, అక్కడి విద్యార్థులకు పరిశ్రమల్లో పనికివచ్చే శిక్షణ లభించేలా 1906లో రసాయన శాస్త్ర సంస్థ, 1907లో విద్యుత్ సాంకేతిక సంస్థ, 1909లో వ్యవసాయ శాస్త్ర సంస్థ ఏర్పాటు కావడానికి కృషి చేసాడు.

ఫ్రెంచి సైన్సు అకాడమీలో పూర్తి స్థాయి సభ్యత్వం అంతకుముందు పారిస్‌లో నివసించేవారికే పరిమితమై ఉండేది. 1913లో పారిస్ వెలుపల నివసించేవారి కొరకు ఒక ప్రత్యేక విభాగం ఏర్పడినప్పుడు, ఆ విభాగానికి మొదటగా ఎన్నికైనవాడు సబాటియే.

ఉత్ప్రేరకాల పరిశోధనకు నాంది

తాను వ్యయం కాకుండా రసాయన చర్య వేగాన్ని పెంచే పదార్థాన్ని ఉత్ప్రేరకం అంటారు. సబాటియే తొలి పరిశోధనలు సల్ఫైడులు, క్లోరైడులు వంటి అకర్బన పదార్థాలకు సంబంధించినవి. ఉత్ప్రేరకాల వైపు ఆయన మళ్ళడానికి కారణం నికెల్ లోహం.

1890లో లుడ్విగ్ మాండ్, ఆయన సహచరులు నికెల్ లోహం కార్బన్ మోనాక్సైడ్ వాయువుతో నేరుగా కలసి, సులభంగా ఆవిరయ్యే ద్రవంగా మారుతుందని కనుగొన్నారు. గట్టి లోహం ఒక వాయువుతో ఈ విధంగా కలసిపోవడం ఆనాటి రసాయన శాస్త్రవేత్తలను ఆశ్చర్యపరచింది. అసంతృప్త వాయువులు ఇతరములు కూడా ఇదే విధంగా లోహాలతో కలుస్తాయేమోనని సబాటియే ఊహించాడు. తులూజ్‌లోని కాథలిక్ విద్యాసంస్థలో రసాయన శాస్త్రం బోధించే మతాచార్యుడు జాన్ బాప్టిస్ట్ సెండెరెన్స్ (1856 - 1937) ఈ పనిలో ఆయనకు సహకరించాడు. నైట్రోజన్ పెరాక్సైడ్ వాయువు రాగితో కలుస్తుందని వీరిద్దరూ 1892లో ప్రకటించారు.

1896లో మొయిస్సాన్, షార్ల్ మురూ అనే శాస్త్రవేత్తలు అప్పుడే తయారుచేసిన నికెల్ పొడి మీదుగా ఎసిటిలీన్ వాయువును పంపారు. లోహం ఎర్రగా కాలిపోయి, మసి, బెంజీన్, హైడ్రోజన్ ఏర్పడ్డాయి. లోహపు పొడిలోని సన్నని రంధ్రాలలో వాయువు ఇరుక్కోవడం వలన కలిగిన భౌతిక ప్రభావంగా వారు దీనిని భావించి, ఆ విషయాన్ని అంతటితో వదలివేశారు. వారు ఈ పరిశోధనను కొనసాగించడం లేదని తెలుసుకున్న తరువాతనే సబాటియే దానిని చేపట్టాడు.

సబాటియే, సెండెరెన్స్ ఎసిటిలీన్‌కు బదులు ఇథిలీన్‌ను సుమారు 300 డిగ్రీల సెంటీగ్రేడు వద్ద నికెల్ మీదుగా పంపారు. వెలువడిన వాయువును పరీక్షించినప్పుడు అందులో హైడ్రోజన్‌తో పాటు అధిక భాగం ఈథేన్ కనిపించింది. ఇథిలీన్‌కు హైడ్రోజన్ చేరితేనే ఈథేన్ ఏర్పడుతుంది. అంటే కొంత ఇథిలీన్ విడిపోయి హైడ్రోజన్‌ను విడుదల చేయగా, ఆ హైడ్రోజన్‌ను నికెల్ మిగిలిన ఇథిలీన్‌కు చేర్చినదన్నమాట. దీనిని నిర్ధారించడానికి 1897లో ఇథిలీన్, హైడ్రోజన్ మిశ్రమాన్ని నికెల్ మీదుగా పంపగా, తక్కువ ఉష్ణోగ్రత వద్దనే ఈథేన్ లభించింది.

హైడ్రోజనీకరణం

ఈ పద్ధతికి కావలసిన పరికరాలు చాలా సరళమైనవి. ఒక గాజు గొట్టంలో నికెల్ ఆక్సైడ్ ఉంచి, దాని మీదుగా హైడ్రోజన్‌ను వేడిచేసి పంపితే ఆక్సైడ్ నికెల్ పొడిగా మారుతుంది. పిమ్మట అదే గొట్టంలోకి హైడ్రోజన్‌తో పాటు కావలసిన పదార్థపు ఆవిరిని పంపుతారు. ఉష్ణోగ్రతను జాగ్రత్తగా అదుపులో ఉంచడమే ఇందులోని కిటుకు.

1901లో ఈ విధానంలో బెంజీన్‌ను సుమారు 200 డిగ్రీల వద్ద సైక్లోహెక్సేన్‌గా మార్చారు. అంతవరకు ఎంతో కష్టం మీద, స్వల్ప పరిమాణంలో లభించిన సైక్లోహెక్సేన్ సులభంగా లభించసాగింది. నైలాన్ పరిశ్రమకు కావలసిన సైక్లోహెక్సేన్ తయారీకి బెంజీన్ హైడ్రోజనీకరణమే ఆధారం.

1902లో సబాటియే, సెండెరెన్స్ కార్బన్ మోనాక్సైడ్, కార్బన్ డయాక్సైడ్ వాయువులను నికెల్ సమక్షంలో హైడ్రోజన్‌తో చర్య జరిపించి, మిథేన్ మరియు నీరు పొందారు. కార్బన్ డయాక్సైడ్‌తో జరిగే ఈ చర్యను సబాటియే చర్య అని పిలుస్తారు. అంతర్జాతీయ అంతరిక్ష కేంద్రంలో వ్యోమగాములు విడిచే కార్బన్ డయాక్సైడ్ నుండి నీటిని తిరిగి పొందడానికి ఈ చర్య ఆధారంగా పనిచేసే పరికరాన్ని 2010లో అమర్చారు.

హైడ్రోజనీకరణం ఆవిరి రూపంలో ఉన్న పదార్థాలతో మాత్రమే సాధ్యమని సబాటియే భావించాడు. జర్మనీకి చెందిన విల్‌హెల్మ్ నార్మన్ ద్రవరూపంలో ఉన్న నూనెలకు కూడా నికెల్ సహాయంతో హైడ్రోజన్‌ను చేర్చవచ్చునని చూపి 1902లో పేటెంటుకు దరఖాస్తు చేసాడు. తెలుగువారి వంటిళ్ళలో పరిచితమైన వనస్పతి ఈ విధంగా తయారైనదే. మూలమైన ఆవిష్కరణ తులూజ్‌లో జరిగినా, నూనెల పరిశ్రమకు సంబంధించిన పేటెంటు మాత్రం నార్మన్‌కే దక్కింది.

మిథనాల్ మీద ప్రయోగాలు

మిథనాల్ అనగా మిథైల్ ఆల్కహాల్. ఆనాడు దీనిని కర్రను గాలి తగలకుండా కాల్చి తీసేవారు గనుక దీనికి కర్ర సారాయి అనే పేరు కూడా ఉంది. అన్ని ఆల్కహాలులలోకి ఇది సరళమైనది. దీని అణువులో ఉన్నది ఒకే ఒక కార్బన్ పరమాణువు. ఉత్ప్రేరకాల స్వభావాన్ని పరీక్షించడానికి సబాటియే వాడిన ఆల్కహాలులలో ఇదొకటి.

1867లో ఆగస్ట్ విల్‌హెల్మ్ హాఫ్‌మన్ మిథనాల్ ఆవిరిని గాలితో కలిపి వేడి ప్లాటినం మీదుగా పంపి ఫార్మాల్డిహైడ్ పొందాడు. గాలి అవసరం లేకుండానే ఈ మార్పును సాధించవచ్చునని 1903 నాటి ప్రయోగాలలో సబాటియే, సెండెరెన్స్ చూపారు. మెత్తని రాగి పొడి మీదుగా 200 - 300 డిగ్రీల మధ్య మిథనాల్ ఆవిరిని పంపితే, అది హైడ్రోజన్‌ను కోల్పోయి ఫార్మాల్డిహైడ్‌గా మారుతుంది. రాగికి బదులు నికెల్ వాడితే చర్య అక్కడితో ఆగదు. ఫార్మాల్డిహైడ్ కూడా విడిపోయి కార్బన్ మోనాక్సైడ్, హైడ్రోజన్ ఏర్పడతాయి. నికెల్ మరలా ఈ రెండింటిలో కొంత భాగాన్ని కలిపి మిథేన్‌గా మారుస్తుంది. ముడిపదార్థం ఒకటే అయినా, లోహం మారగానే ఫలితం మారిపోయింది.

హైడ్రోజన్‌ను చేర్చే లోహమే హైడ్రోజన్‌ను తీసివేయడానికి కూడా పనికివస్తుందని ఈ ప్రయోగాలు స్పష్టం చేసాయి. తక్కువ ఉష్ణోగ్రత వద్ద, హైడ్రోజన్ సమృద్ధిగా ఉన్నప్పుడు చర్య ఒక దిశలో సాగితే, ఎక్కువ ఉష్ణోగ్రత వద్ద వ్యతిరేక దిశలో సాగుతుంది. ఉత్ప్రేరకం రెండు దిశలకూ సమానంగా తోడ్పడుతుంది.

తరువాత సబాటియే తన మరొక సహచరుడు ఆల్ఫోన్స్ మాయ్‌తో కలసి లోహపు ఆక్సైడులపై దృష్టి సారించాడు. థోరియం ఆక్సైడ్, అల్యూమినియం ఆక్సైడ్ (అల్యూమినా) వంటివి ఆల్కహాలుల నుండి ప్రధానంగా నీటిని తొలగిస్తాయని, మాంగనీస్ ఆక్సైడ్ వంటివి ప్రధానంగా హైడ్రోజన్‌ను తొలగిస్తాయని, కొన్ని ఆక్సైడులు రెండు పనులూ చేస్తాయని వీరు వర్గీకరించారు. సాధారణ ఆల్కహాల్ నుండి నీరు తొలగితే ఇథిలీన్ లభిస్తుంది. మిథనాల్‌లో కార్బన్ ఒక్కటే కావడం చేత అది సాధ్యం కాదు. రెండు మిథనాల్ అణువులు కలసి ఒక నీటి అణువును విడిచి డైమిథైల్ ఈథర్‌గా మారతాయి. అల్యూమినా సహాయంతో ఆల్కహాలుల నుండి ఈథరులను తయారుచేసే విషయంలో సెండెరెన్స్ కూడా స్వతంత్రంగా పరిశోధనలు చేసాడు.

ఆల్కహాల్ ఆవిరితో పాటు అమ్మోనియాను థోరియం ఆక్సైడ్ మీదుగా పంపితే ఎమీనులు, హైడ్రోజన్ సల్ఫైడ్‌ను పంపితే థయాలులు లభిస్తాయని సబాటియే, మాయ్ కనుగొన్నారు. థయాలులు ఘాటైన దుర్గంధం గల గంధక సమ్మేళనాలు. వంట గ్యాసు కారుతున్నప్పుడు వాసన ద్వారా తెలియడానికి కలిపేది ఈ కోవకు చెందిన పదార్థమే.

తాత్కాలిక సమ్మేళనాల సిద్ధాంతం

ఉత్ప్రేరకం ఎలా పనిచేస్తుందన్న విషయంలో ఆనాడు ఏకాభిప్రాయం లేదు. వాయువులు లోహపు రంధ్రాలలో దట్టంగా చేరడం వలన చర్య వేగవంతమవుతుందని పలువురు భావించేవారు. సబాటియే ఈ అభిప్రాయంతో ఏకీభవించలేదు. రంధ్రాల వలననే చర్య జరిగితే మెత్తని పొడి రూపంలో ఉన్న ప్రతి పదార్థమూ ఒకే ఫలితాన్ని ఇవ్వాలి. రాగి ఒక విధంగా, నికెల్ మరొక విధంగా, అల్యూమినా ఇంకొక విధంగా మిథనాల్‌ను మార్చడానికి కారణం వాటి రసాయన స్వభావమే అయి ఉండాలి.

ఉత్ప్రేరకపు ఉపరితలం చర్యలో పాల్గొనే పదార్థంతో కలసి ఒక అస్థిరమైన తాత్కాలిక సమ్మేళనాన్ని ఏర్పరుస్తుందని, అది వెంటనే విడిపోయి కొత్త పదార్థాన్ని ఇచ్చి, ఉత్ప్రేరకాన్ని తిరిగి యథాస్థితికి తెస్తుందని ఆయన ప్రతిపాదించాడు. ఈ సమ్మేళనం ఏర్పడడం సులభంగా ఉండాలి, విడిపోవడమూ సులభంగా ఉండాలి. బంధం మరీ బలహీనమైతే చర్య మొదలు కాదు. మరీ బలమైతే పదార్థం ఉపరితలాన్ని వదలదు. ఈ భావనకే అనంతర కాలంలో సబాటియే సూత్రం అనే పేరు వచ్చింది. ఆయన ఊహించిన సమ్మేళనాలు నిజానికి ఉపరితలంపై పరమాణువులు రసాయనికంగా అంటిపెట్టుకొని ఉండే స్థితులని తరువాతి పరిశోధనలు తెలియజేసాయి. అయినప్పటికీ మూలభావన నిలిచింది.

గంధకం, క్లోరిన్, ఆర్సెనిక్ వంటివి అతి స్వల్పంగా ఉన్నా నికెల్ తన శక్తిని కోల్పోతుందని కూడా ఆయన గమనించాడు. ఈ మలినాలు లోహంతో విడిపోని బంధం ఏర్పరచుకుంటాయి. ఉత్ప్రేరకాల విషం అని పిలిచే ఈ సమస్య నేటికీ పరిశ్రమలను వేధిస్తున్నది.

ఈ పరిశోధనల సారాన్నంతటినీ కర్బన రసాయన శాస్త్రంలో ఉత్ప్రేరణం అనే గ్రంథంగా 1913లో ప్రచురించాడు. దీనిని ఎమ్మెట్ రీడ్ ఆంగ్లంలోకి అనువదించాడు.

నోబెల్ బహుమతి, సెండెరెన్స్ వివాదం

హైడ్రోజనీకరణానికి సంబంధించిన తొలి పత్రాలన్నింటి మీద సబాటియే, సెండెరెన్స్ ఇద్దరి పేర్లూ ఉన్నాయి. 1905లో ఫ్రెంచి అకాడమీ ఇచ్చిన జెకర్ బహుమతిని ఇద్దరికీ కలిపి ఇచ్చారు. అయితే 1912లో నోబెల్ బహుమతి సబాటియేకు, వేరే ఆవిష్కరణకు గాను గ్రిన్యార్‌కు మాత్రమే లభించింది. గ్రిన్యార్ విషయంలోనూ ఆయన గురువు ఫిలిప్ బార్బియేకు బహుమతి దక్కలేదు.

సెండెరెన్స్‌ను విస్మరించడం న్యాయమేనా అన్న చర్చ శాస్త్ర చరిత్రకారుల మధ్య సాగుతూనే ఉంది. పరిశోధనకు దిశను నిర్దేశించినది, సిద్ధాంతాన్ని రూపొందించినది సబాటియే అని, ఇతర సహచరులతో కూడా ఆయన అదే స్థాయిలో ఫలితాలు సాధించాడని ఒక వాదన. ఇథిలీన్, బెంజీన్, మిథేన్‌లకు సంబంధించిన నిర్ణాయక ప్రయోగాలు సెండెరెన్స్ లేకుండా జరగలేదన్నది మరొక వాదన. సబాటియే తన నోబెల్ ఉపన్యాసంలో సెండెరెన్స్, మాయ్‌ల సహకారాన్ని పేర్కొన్నాడు. సెండెరెన్స్ తన పరిశోధనలను స్వతంత్రంగా కొనసాగించి 1937లో మరణించాడు. రసాయన చర్యకు, సూత్రానికి ఒక్కరి పేరే నిలిచిపోవడంతో సామాన్య పాఠకులకు ఆయన పేరు తెలియకుండా పోయింది.

మిథనాల్ పరిశ్రమ, సహజ వాయువు

సబాటియే జీవితకాలంలోనే మిథనాల్ స్థానం మారింది. 1923లో జర్మనీలోని లాయ్‌నా వద్ద కార్బన్ మోనాక్సైడ్, హైడ్రోజన్‌ల నుండి జింకు, క్రోమియం ఆక్సైడుల సమక్షంలో అధిక పీడనంతో మిథనాల్ తయారీ ప్రారంభమైంది. 1960వ దశకంలో ఇంగ్లాండులో రాగి, జింకు ఆక్సైడ్ కలిగిన ఉత్ప్రేరకాలతో తక్కువ పీడనం వద్ద మిథనాల్ తయారీ విజయవంతమైంది. మిథనాల్‌ను విడదీయడానికి తులూజ్‌లో వాడిన రాగి మిథనాల్‌ను నిర్మించడానికి కూడా ఉపయోగపడింది. ఉత్ప్రేరకం రెండు దిశలకూ పనిచేస్తుందన్న సబాటియే భావనకు ఇది చక్కని ఉదాహరణ.

సహజ వాయువు పరిశ్రమలో మిథనాల్‌కు మరొక ఉపయోగం ఉంది. చల్లని ప్రదేశాలలో, అధిక పీడనం వద్ద, సహజ వాయువు నీటితో కలసి మంచుగడ్డల వంటి హైడ్రేటులుగా గట్టిపడుతుంది. ఇవే గొట్టపు మార్గాలను మూసివేస్తున్నాయని 1934లో అమెరికాలో హామర్‌ష్మిట్ తెలియజేసాడు. వీటిని నివారించడానికి బావులలోకి, గొట్టాలలోకి మిథనాల్‌ను పంపుతారు. సైబీరియా ఉత్తర ప్రాంతపు వాయు క్షేత్రాలలో ఈ పద్ధతి విస్తారంగా వాడుకలో ఉంది. వాయువును శుద్ధి చేసినప్పుడు ఈ మిథనాల్‌లో చాలా భాగం నీటితో కలసి బయటకు వస్తుంది. మిథనాల్ విషపదార్థం, శరీరంలోకి వెళితే చూపు పోవచ్చు, ప్రాణానికీ ప్రమాదమే. కనుక ఈ నీటిని నేల మీదకు గాని, నదులలోకి గాని వదలరాదు.

మిథనాల్ అధికంగా ఉన్నప్పుడు బట్టీపట్టి తిరిగి వాడుకుంటారు. స్వల్పంగా ఉన్నప్పుడు అంత నీటిని వేడిచేయడం ఖర్చుతో కూడిన పని. ఇటువంటి వ్యర్థాలను ఉత్ప్రేరకాలతో మార్చే మార్గాలు సబాటియే చూపిన దారులకు కొనసాగింపుగానే ఉన్నాయి. రాగి కలిగిన ఉత్ప్రేరకంపై మిథనాల్, నీటి ఆవిరి కలసి హైడ్రోజన్, కార్బన్ డయాక్సైడ్ ఇస్తాయి. ఈ చర్యలో వ్యర్థంలోని నీరు కూడా ముడిపదార్థమే అవుతుంది. అల్యూమినా మీద మిథనాల్ డైమిథైల్ ఈథర్‌గా మారి ఇంధనంగా పనికివస్తుంది. ప్లాటినం వంటి లోహాల మీద గాలితో కలసి పూర్తిగా ఆక్సీకరణం చెందితే నీరు, కార్బన్ డయాక్సైడ్ మాత్రమే మిగులుతాయి. ఈ వ్యర్థాలలో ఉండే గంధక సమ్మేళనాలు, లవణాలు ఉత్ప్రేరకాన్ని పాడుచేయడం ఇందులోని ప్రధానమైన చిక్కు. అందుచేత ముందుగా వాటిని తొలగించవలసి ఉంటుంది.

సబాటియే నివసించిన నైరుతి ఫ్రాన్సులోనే 1951లో లాక్ వద్ద పెద్ద సహజ వాయు నిక్షేపం బయటపడింది. ఆ వాయువులో సుమారు 15 శాతం వరకు విషపూరితమైన హైడ్రోజన్ సల్ఫైడ్ ఉండేది. దానిని వేరుచేసి గంధకం తీయడంతో పాటు, గంధక సమ్మేళనాల పరిశ్రమ కూడా అక్కడ వృద్ధి చెందింది. మిథనాల్, హైడ్రోజన్ సల్ఫైడ్ కలసి ఇచ్చే మిథేన్ థయాల్ ఈ పరిశ్రమలో ముఖ్యమైనది. కోళ్ళ మేతలో కలిపే మిథియోనిన్ తయారీకి ఇదే ముడిపదార్థం. లాక్ వద్ద 2013లో వాయువు వాణిజ్య ఉత్పత్తి ముగిసిన తరువాత కూడా, ఈ పరిశ్రమ అవసరాల కోసం స్వల్పంగా వాయువును తీయడం కొనసాగించారు.

వ్యక్తిగత జీవితం, మరణం

సబాటియేకు నలుగురు కుమార్తెలు. వారిలో ఒకరిని ఇటలీకి చెందిన రసాయన శాస్త్రవేత్త ఎమీలియో పొమీలియో వివాహమాడాడు. సబాటియే మితభాషి, నలుగురిలో అంతగా కలవని స్వభావం కలవాడు. కళలన్నా, తోటపని అన్నా ఆయనకు మక్కువ. 1941 ఆగష్టు 14న, 86 సంవత్సరాల వయసులో, తులూజ్‌లోనే మరణించాడు.

గౌరవాలు, గుర్తింపు

* 1905: ఫ్రెంచి సైన్సు అకాడమీ జెకర్ బహుమతి (సెండెరెన్స్‌తో కలసి)
* 1912: రసాయన శాస్త్రంలో నోబెల్ బహుమతి (గ్రిన్యార్‌తో పంచుకున్నాడు)
* 1913: ఫ్రెంచి సైన్సు అకాడమీ సభ్యత్వం
* 1915: లండన్ రాయల్ సొసైటీ డేవీ పతకం
* 1918: లండన్ రాయల్ సొసైటీ విదేశీ సభ్యత్వం
* 1933: అమెరికాకు చెందిన ఫ్రాంక్లిన్ పతకం

1969లో తులూజ్‌లో ఏర్పడిన సైన్సు, వైద్య విశ్వవిద్యాలయానికి పాల్ సబాటియే పేరు పెట్టారు. ఆయన జన్మస్థలమైన కార్కాసోన్‌లోని ఒక ఉన్నత పాఠశాలకు కూడా ఆయన పేరు ఉంది.